డబ్బాకి పేరు... పాటకి పేరు!

మీ వంటింట్లో డబ్బాల మీద పేర్లు రాసి ఉంటాయా? మా ఇంట్లో ఒకప్పుడు ఉండేవి కావు. 'నా వంటిల్లు, నా డబ్బాలు. ఎందులో ఏముందో నాకు తెలీదా ఏంటి!' అన్న ధీమా నాది. ఓసారి నేను జ్వరంతో పడుకుంటే, మావారు తనే ఇంత అన్నం వండుకుని, కందిపొడి అనుకుని పచ్చి శనగపిండి కలుపుకున్నారు. పైన నెయ్యి కూడా వేసుకున్నారు పాపం! రెండు ముద్దలు తిన్నాక, "ఈసారి కందిపొడి సరిగ్గా వేగినట్టు లేదోయ్" అన్నారు.

నవ్వుకున్నాం గానీ, ఆ తప్పు ఆయనది కాదు. పేరు రాయని నాది. మనకి తెలిస్తే చాలదు, మన తర్వాత ఆ మూత తీసేవాళ్ళకీ తెలియాలి కదా! ఈ చిన్న సంగతి నాకు నిజంగా బోధపడింది జపాన్‌లో. అదీ వంటింటి డబ్బాల వల్ల కాదు, పాటల డబ్బా వల్ల.

1998లో మావారికి టోక్యోలో కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది. ఎడొగావా వార్డులో నిషికసాయి అనే చోట రెండు గదుల ఇల్లు తీసుకున్నాం. ఇప్పుడు అక్కడ మనవాళ్ళు బోలెడంతమంది. మేం వెళ్ళిన కొత్తలో మాత్రం తెలుగు మాట వినపడితే చాలు, వీధిలో ఆగి వెనక్కి తిరిగి చూసేవాళ్ళం. పొద్దున ఆయన రైలెక్కి వెళ్ళిపోతే, మళ్ళీ రాత్రికే రావడం. భాష రాదు. టీవీ పెడితే ఒక్క ముక్క అర్థం కాదు. ఇంటి నుంచి తెచ్చుకున్న పది సీడీలే నాకు తోడు. ఘంటసాల, సుశీల, ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన అన్నమయ్య కీర్తనలు, మిస్సమ్మ, మాయాబజార్ పాటలు. రోజూ అవే.

రోజూ వాడితే సీడీ ఊరుకుంటుందా? పోపు వేస్తూ చేతి తడితో పట్టుకోవడం, గిన్నెల పక్కన పెట్టడం... గీతలు పడి పాట మధ్యలో గెంతడం మొదలెట్టింది. "ఇలా అయితే ఉన్న పదీ పోతాయి" అని మావారు ఓ ఆదివారం నన్ను అకిహబారా తీసుకెళ్ళారు. వీధికి అటూ ఇటూ ఎలక్ట్రానిక్ దుకాణాలే! అక్కడ కొన్నాం ఎండీ డెక్కు. ఎండీ అంటే మినీడిస్క్.

మీలో చాలామంది దీన్ని చూసి ఉండరు. 1992లో సోనీ కంపెనీ జపాన్‌లో విడుదల చేసింది. అక్కడ ఇంటింటికీ చేరింది గానీ మనదేశంలో పెద్దగా కనపడలేదు. చిన్న చదరపు ప్లాస్టిక్ పెట్టె, అరచేతిలో ఇమిడిపోతుంది. దాని లోపల ఆరున్నర సెంటీమీటర్ల కంటే ఓ పిసరు తక్కువ వెడల్పున్న బిళ్ళ. బిళ్ళ పెట్టెలోనే ఉంటుంది కాబట్టి తడి చేత్తో పట్టుకున్నా దానికేం కాదు. సీడీలో సగమంత ఉన్న ఈ బిళ్ళలో సీడీ పాటలన్నీ పడతాయి! ఎలాగంటే, మన చెవికి ఎలాగూ తెలియని సన్నటి శబ్దాలని తీసేసి, మిగిలినదాన్ని సుమారు ఐదో వంతుకి కుదిస్తుంది. పాలు మరగబెట్టి కోవా చేసినట్టన్నమాట. అరవై, డెబ్భై నాలుగు, ఎనభై నిమిషాల డిస్కులు దొరికేవి. నచ్చకపోతే చెరిపేసి మళ్ళీ రాసుకోవచ్చు, పలక మీద రాసుకున్నట్టే.

సీడీ ప్లేయర్‌కీ ఎండీ డెక్కుకీ మధ్య సన్నటి ఆప్టికల్ తీగ ఒకటి తగిలిస్తాం. అందులో కరెంటు కాదు, వెలుతురు వెళుతుందిట! ఇటు సీడీ పాడుతుంటే అటు డిస్కు రాసుకుంటూ పోతుంది. గంట సీడీకి గంట పడుతుంది. సీడీలో పాట మారినప్పుడల్లా ఎండీ కూడా తనంతట తనే కొత్త నంబరు వేసుకుంటుంది. అదే క్యాసెట్ నుంచి ఎక్కిస్తే, రెండు క్షణాలపాటు చప్పుడు లేకపోతే చాలు, 'పాట అయిపోయింది కాబోలు' అనుకుని నంబరు మార్చేస్తుంది. అప్పుడు మనమే కూర్చుని, విడిపోయినవాటిని కలపాలి, కలిసిపోయినవాటిని విడదీయాలి.

ఇంకో తమాషా ఉంది. సీడీ నుంచి అలా వెలుతురు తీగతో తీసిన నకలు నుంచి, మళ్ళీ అదే తీగతో ఇంకో నకలు తియ్యనివ్వదు. కావాలంటే మామూలు తీగతో తీసుకోవాలి. మన పెరుగు అలా కాదు కదా! తోడేసిన పెరుగు మళ్ళీ తోడుకు పనికొస్తుంది, దాన్నుంచి ఇంకో ఇంటికీ వెళుతుంది. అదే మాట మావారితో అంటే, "పెరుగు అమ్ముకునే కంపెనీ వాళ్ళు నష్టపోతారని తోడు కట్టేశారన్నమాట" అన్నారు. మనింట్లో మనం వినడానికి నకలు తీసుకోవచ్చు గానీ, నకళ్ళు తీసి ఊరంతా పంచడం, అమ్ముకోవడం అక్కడా కుదరదు.

పాటలైతే ఎక్కాయి. మరి పేర్లు? అవి సీడీతో పాటు రావు. 'ఒకటి, రెండు, మూడు' అని నంబర్లే కనిపిస్తాయి. పేర్లు మనమే ఎక్కించాలి. డెక్కు మీద గుండ్రటి మీట తిప్పుతూ ఒక్కో అక్షరం వెతికి, నొక్కి, మళ్ళీ తిప్పి... ఘంటసాల అని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి పదిసార్లు! ఒక్కో పాటకి ఐదారు నిమిషాలు పట్టేది. ఆ మీటలో ఇంగ్లీషు ఉంది, జపాన్ వాళ్ళ కటకానా ఉంది. తెలుగు లేదు. డిస్కు మొత్తానికి సుమారు పదిహేడు వందల అక్షరాలే పడతాయి. కాబట్టి పొదుపుగా రాయాలి. నెలాఖరు రోజుల్లో నూనె వాడినట్టు!

పైగా మన పాటలకి విడిగా పేర్లుండవు కదా. పల్లవిలో మొదటి మాటలే పేరు. వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒకటి పోయి ఇంకోటి అవుతుంది. నేను 'మాట' అని రాస్తే మావారు 'మాత' అని చదివేవారు. 'కల' అని రాస్తే 'కాలా, కళా' అనేవారు. ఆ రోజుల్లో నేను కడుపుతో ఉన్నాను. మధ్యాహ్నాలు కూర్చుని పది సీడీలకీ పేర్లు రాశాను. స్వెట్టరు అల్లుకున్నట్టు నాకదో కాలక్షేపం.

2000లో పాప పుట్టింది. పురుడు పొయ్యడానికి అమ్మ తెనాలి దగ్గర మా పల్లె నుంచి మొదటిసారి విమానమెక్కి వచ్చింది. మూడు నెలల వీసా. సంచిలో వాము, సొంఠి, కాయం, పాత చీర ముక్కలు. ఆ చిన్న ఇంట్లోకి పథ్యం కారం వాసన రాగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

అమ్మ పాడుతుందని నాకు తెలుసు. కానీ ఎప్పుడూ కూర్చుని విన్నది లేదు. పప్పు రుబ్బుతూ, ఇల్లు ఊడుస్తూ, మమ్మల్ని నిద్రపుచ్చుతూ పాడేది. మాకది వంటింటి చప్పుళ్ళలో ఒక చప్పుడు, అంతే. పాపని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నలుగు పెడుతూ ఆ పాటలన్నీ మళ్ళీ పాడుతుంటే, 'అయ్యో, ఇవి ఏ సీడీలోనూ లేవే!' అనిపించింది. మా ఆయన్నడిగి ఓ చిన్న మైకు తెప్పించాను.

అల్లుడు ఇంట్లో ఉంటే అమ్మ గొంతు పెగలదు. ఆయన ఆఫీసుకెళ్ళాక, పాప పడుకున్నాక, ఓ మధ్యాహ్నం మైకు ముందు కూర్చోబెట్టాను. "ఇదేం విడ్డూరమే! నేనేమన్నా సుశీలనా?" అంటూనే కొంగుతో మొహం తుడుచుకుని కూర్చుంది. మొదలెట్టాక ఆపలేదు. పదకొండు పాటలు! జోలపాట, నలుగు పాట, మంగళహారతి, దంపుళ్ళ పాట, అట్లతద్ది ఉయ్యాల పాట, గొబ్బి పాట... నలభై నిమిషాలు గడిచిపోయాయి. ఆఖరి పాట అయ్యాక ఆపే మీట నొక్కాను. అంతలో పాప లేచి కేరుమంది. లోపలికి పరిగెత్తాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మినీడిస్కులో పాటలన్నీ ఒకచోట ఉంటాయి. ఏ పాట ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయింది, దాని పేరేంటి అన్న పట్టిక ఇంకోచోట ఉంటుంది. దాన్ని టీవోసీ అంటారు. పుస్తకానికి మొదట విషయసూచిక ఉంటుంది చూడండి, అలాంటిది. మా డెక్కు ఆ పట్టికని వెంటనే రాయదు. డిస్కు బయటికి తీసినప్పుడో, డెక్కు ఆపినప్పుడో రాస్తుంది. అందాకా తెర మీద టీవోసీ అన్న అక్షరాలు వెలుగుతూ ఉంటాయి. అవి వెలుగుతున్నంతసేపూ కరెంటు తియ్యకూడదు.

మా అమ్మకి ఇదంతా తెలీదు కదా! మా పల్లెలో వాన చినుకు పడితే చాలు, కరెంటు ఎక్కువ తక్కువలవుతుంది. రేడియో వినడం అవగానే స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా పీకడం ఆవిడకి ముప్ఫై ఏళ్ళ అలవాటు. జపాన్ గోడల్లో ప్లగ్గు రంధ్రాలకి స్విచ్చులే ఉండవు. చూసింది. దీపం వెలుగుతోంది. "వాడనప్పుడు కరెంటు ఎందుకే దండగ!" అంటూ ప్లగ్గు పీకేసింది.

రాత్రి మావారు డిస్కు పెట్టి చూస్తే, 'ఖాళీ డిస్కు' అని వచ్చింది.

"పాటలు దాని మీదే ఉన్నాయి. ఎక్కడున్నాయో చెప్పే పట్టికే లేదు. కాబట్టి మిషన్ దృష్టిలో లేనట్టే" అన్నారు ఆయన. నాకు ఏడుపొచ్చేసింది. బాలింతని, ఊరికే కన్నీళ్ళొచ్చే రోజులు. "ఎందుకు పీకావమ్మా! ముట్టుకోకుండా ఉండలేవా?" అని గట్టిగా అరిచాను. అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. వంటింట్లోకి వెళ్ళి, అప్పటికే తోమేసిన గిన్నెలు మళ్ళీ తోమింది. ఇన్నేళ్ళయినా ఆ గిన్నెల చప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. కరెంటు ఆదా చెయ్యడం నేర్పి నన్ను పెంచిన మనిషి కదూ ఆవిడ!

మర్నాడు కాళ్ళావేళ్ళా పడ్డాను. "పోయిందేముందే, గొంతు నాతోనే ఉందిగా. మళ్ళీ పాడతాలే" అంది. వారం తర్వాత మళ్ళీ కూర్చున్నాం. కానీ ఈసారి తొమ్మిదే వచ్చాయి. అట్లతద్ది పాటా, గొబ్బి పాటా ఎంత ప్రయత్నించినా రాలేదు. "నోట్లోనే ఉన్నాయే... ఆవేళ మీ పెద్దత్తయ్య గుర్తొచ్చి వరసన వచ్చేశాయి. ఇప్పుడు మొదలు దొరకట్లేదు" అని కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చుంది. ఆ రెండు పాటలూ అలా పోయాయి. తర్వాత ఎప్పుడడిగినా సగం సగమే వచ్చేవి.

పది నిమిషాలు ఊరుకుని, "ఇంకోటుంది. పాడనా?" అంది. పాడింది. నేనెప్పుడూ వినని పాట. చిన్నది, మూడు చరణాలు. గోరింటాకు చెట్టు, ఖాళీ అయిన పడకగది, తలుపు దగ్గర మిగిలిపోయిన పాత చెప్పులు... అలా సాగింది. ఈసారి అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, ముందు డిస్కు బయటికి తీశాను!

ఆ సాయంత్రం పేర్లు రాయడానికి కూర్చున్నాం. అమ్మ పాడుతూ ఊపిరి తీసుకున్నచోటల్లా మిషన్ నంబరు మార్చేసింది. పది పాటలు కాస్తా ఇరవై మూడయ్యాయి! ముందు అవన్నీ కలుపుకొచ్చాను. ఇక మొదటి పాట. "దీని పేరేంటమ్మా?" అన్నాను.

"పేరేముంటుందే! మీ అమ్మమ్మ తిరగలి తిప్పుతూ పాడేది."

"ఇదో?"

"ఇది మనింటికి వడ్లు దంచడానికి వచ్చే అవ్వ పాడేది. నాకు అప్పుడు పదేళ్ళు. దంచినంతసేపూ పక్కన కూర్చునేదాన్ని."

"ఇది?"

"మంగళహారతా? ఎదురింటి పిన్నిగారు నేర్పారు. నేను కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఆవిడే నాకు అమ్మలా చూసుకున్నారు."

పల్లవి మాటలు రాద్దామని కూర్చున్నదాన్ని, ఆలోచించి మానేశాను. అమ్మ చెప్పినట్టే రాశాను. అమ్మమ్మ తిరగలి పాట. వడ్ల అవ్వ దంపుళ్ళ పాట. పిన్నిగారి హారతి. పెద్దత్తయ్య నలుగు. ఆ అక్షరాలు తెర మీద ఒక్కొక్కటే పడుతుంటే అమ్మ దగ్గరికి జరిగి చూసింది. ఇంగ్లీషు రాదు కాబట్టి నన్ను చదవమంది. "అబ్బ! వడ్ల అవ్వ జపాన్ దాకా వచ్చేసిందే!" అని పకపకా నవ్వింది.

పదో పాట దగ్గరికొచ్చాం. "ఇదెవరు నేర్పారు?" అన్నాను.

అమ్మ వెంటనే చెప్పలేదు. పాప లాగు మడత పెడుతూ, "ఎవరూ నేర్పలేదు. నేనే కట్టుకున్నా. నిన్ను అత్తారింటికి పంపిన రాత్రి, అందరూ పడుకున్నాక, పెళ్ళి గిన్నెలు తోముతూ" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆ గోరింటాకు చెట్టు మా పెరట్లోది. ఆ చెప్పులు నావి. అత్తారింటికి కొత్త చెప్పులు వేసుకుని వెళుతూ పాతవి తలుపు దగ్గరే వదిలేశాను. మా అమ్మకి పాట కట్టడం వచ్చని నాకు గానీ, నాన్నకి గానీ, ఊళ్ళో ఎవరికి గానీ తెలీదు. నేను పేరు అడక్కపోతే, పదిట్లో అదీ ఒక పాత పాటే అనుకునేదాన్ని.

ఆ పదో పాటకి అమ్మ పేరే రాశాను, ఇంటిపేరుతో సహా. "నా పేరెందుకే, ఎవరన్నా చూస్తే నవ్విపోతారు" అంది గానీ, రెండుసార్లు చదివించుకుంది. మా అమ్మ పేరు అచ్చులో కనిపించింది అంతకుముందు రేషన్ కార్డులోనే!

2004లో మేం హైదరాబాద్ వచ్చేశాం. డెక్కు చెడిపోయింది. మావారు రైల్లో వినడానికి కొనుక్కున్న చిన్న ప్లేయర్ మాత్రం మిగిలింది. పాటలన్నీ కంప్యూటర్లలోకి, ఫోన్లలోకి వచ్చేశాయి. సోనీ వాళ్ళు 2011లో ఎండీ వాక్‌మన్‌లు, 2013లో మిగతా ఎండీ మిషన్లు ఆపేశారు. 2014లో అమ్మ పోయింది. కొన్నేళ్ళపాటు ఆ డిస్కు వినే ధైర్యం చెయ్యలేదు. బీరువాలో పట్టుచీరల మధ్య ఉండిపోయింది.

2025 ఫిబ్రవరితో ఖాళీ మినీడిస్కుల తయారీ కూడా ఆపేస్తున్నారని తెలిసి గుండె గతుక్కుమంది. ఉన్న ఒక్క ప్లేయరూ చెడిపోతే? పాటలుండీ లేనట్టే, మళ్ళీ ఆ రాత్రిలాగే! ఆ ఆదివారమే మా అమ్మాయి, అదే, ఆనాడు నలుగు పెట్టించుకున్న పాప, ప్లేయర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కి తీగ పెట్టింది. పాడినంతసేపూ కూర్చుని రికార్డు చేశాం. ఇందులో తొందరపెట్టడానికి లేదు. నలభై నిమిషాల పాటలకి నలభై నిమిషాలూ వినాల్సిందే.

ఇరవై అయిదేళ్ళ తర్వాత కూడా గొంతు చెక్కు చెదరలేదు. ఆరో పాట మధ్యలో పాప ఏడుపు కూడా ఉంది. "అది నేనా!" అంది మా అమ్మాయి.

పాటలు ఎక్కాయి గానీ, పేర్లు మళ్ళీ రాలేదు! ప్లేయర్ తెర మీద చూస్తూ తిరిగి రాయాల్సి వచ్చింది. ఈసారి మాత్రం తెలుగులో రాశాం. ఒక్కో పేరు చదివి మా అమ్మాయి, "వడ్ల అవ్వ ఎవరమ్మా? వడ్లు ఇంట్లో దంచేవాళ్ళా?" అని అడుగుతుంటే, ఆ సాయంత్రమంతా చెబుతూనే ఉన్నాను. పదో పాట దగ్గర నేనేం చెప్పలేదు. అది విని, పేరు చదువుకుని, లేచొచ్చి నన్ను పట్టుకుని కూర్చుంది.

అమ్మలూ, అక్కలూ! ఇప్పుడు డెక్కులూ, తీగలూ అక్కర్లేదు. మీ చేతిలో ఫోనుంది. మీ అమ్మో, అత్తయ్యగారో, పక్కింటి మామ్మగారో పాడుతుంటే మీట నొక్కండి. కానీ 'రికార్డింగ్ పదిహేడు' అని వదిలెయ్యకండి. పాట అవగానే మూడు ముక్కలు రాయండి: ఎవరు పాడారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సంవత్సరం. ఫోను పోతే పాటా పోకుండా ఇంకోచోట నకలు దాచండి. 'ఎవరు నేర్పారు' అని మాత్రం తప్పకుండా అడగండి. 'నేనే కట్టుకున్నా' అని ఏ అమ్మ చెబుతుందో ఎవరికి తెలుసు?

అన్నట్టు, మా వంటింట్లో ఇప్పుడు డబ్బాలన్నిటి మీదా పేర్లున్నాయి. కందిపొడి డబ్బా మీద 'అమ్మ చెప్పిన కొలత' అని కూడా రాశాను.